బ్రాంచి ఆఫీసు నెట్‌వర్క్‌లో ఏయే స్మార్ట్ పరికరాలు ఉన్నాయో కనిపెట్టడం ఎలా?

పలమనేరు బ్రాంచిలో సాయంత్రం ఐదయితే చాలు, నెట్ నత్తనడక నడిచేది. అది పాల శీతలీకరణ కేంద్రం. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పాలు వచ్చే వేళా అదే, లెక్కలు తిరుపతి ఆఫీసుకు చేరాల్సిన వేళా అదే. లైన్ ఇచ్చినవాళ్ళు వచ్చి చూసి అంతా బాగానే ఉందన్నారు. "మీ నెట్‌వర్క్‌కు ఏమేం తగిలించారు?" అని బ్రాంచి మేనేజర్‌ని అడిగాను. "నాలుగు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, కెమెరాల డబ్బా, వేలిముద్ర మిషను. అంతే సార్" అన్నారు. మొత్తం ఏడు. ఆ రోజు స్కాన్ చేస్తే పంతొమ్మిది తేలాయి.

మేనేజర్ అబద్ధం చెప్పలేదు. మిగతా పన్నెండూ ఆయన దృష్టిలో నెట్‌వర్క్ సామాన్లు కావు. సోలార్ పెట్టినవాళ్ళు ఇన్వర్టర్‌కు ఒక చిన్న వైఫై స్టిక్ తగిలించి పోయారు. ఏసీ బిగించినతను వైఫై పాస్‌వర్డ్ అడిగి తీసుకున్నాడు. మీటింగ్ గదిలో టీవీ, పాల ట్యాంకు ఉష్ణోగ్రత పంపే డబ్బా, రెండు స్మార్ట్ ప్లగ్గులు, తలా ఒక ఫోను. ఎవరికి వారు పెట్టుకుంటూ పోయారు, ఎవరూ రాసిపెట్టలేదు. చిత్తూరు, పుత్తూరు, కుప్పం బ్రాంచిల్లోనూ తర్వాత ఇదే చూశాను.

ఇవన్నీ చిన్న కంప్యూటర్లే. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ లక్షల కొద్దీ కెమెరాలను, వాటి వీడియో రికార్డు చేసే డబ్బాలైన డీవీఆర్‌లను పట్టుకుంది. దానికోసం అది వాడిన ఉపాయం పెద్దదేమీ కాదు, ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డ్‌లు ఒక్కొక్కటీ కొట్టి చూడడమే. వాటితోనే ఆ ఏడాది అక్టోబరు 21న సైట్ల పేర్లను అడ్రస్‌లుగా మార్చి చెప్పే డిన్ అనే సంస్థ సర్వర్ల మీద దాడి జరిగి, అమెరికాలో ట్విట్టర్ లాంటి పెద్ద సైట్లు గంటల తరబడి సరిగా తెరుచుకోలేదు. మన బ్రాంచిలోని డబ్బా కూడా అలాంటిదే కావచ్చు.

మొదలుపెట్టే ముందు

స్కాన్ చేయడానికి యాజమాన్యం నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి, ఈమెయిల్ అయినా చాలు. అనుమతి లేకుండా ఇంకొకరి నెట్‌వర్క్‌లోకి వెళ్ళడం సమాచార సాంకేతిక చట్టం 2000, 43వ సెక్షన్ కిందికి వస్తుంది. అద్దె భవనంలో పక్క దుకాణంతో వైఫై పంచుకుంటున్న బ్రాంచిలయితే మరీ జాగ్రత్త.

తర్వాత అడ్రస్‌ల సంగతి, అంటే నెట్‌వర్క్‌లో ప్రతి పరికరానికీ ఉండే ఐపీ అడ్రస్ నంబరు. లైన్‌తోపాటు వచ్చే రౌటర్లు చాలావరకు 192.168.1 తో మొదలయ్యే అడ్రస్‌లే ఇస్తాయి. చిత్తూరులోనూ 192.168.1.10 ఉంటుంది, పుత్తూరులోనూ 192.168.1.10 ఉంటుంది. తిరుపతిలో కూర్చున్న మీకు ఒక హెచ్చరిక వస్తే అది ఏ ఊరిదో తెలియదు. బ్రాంచిలను వీపీఎన్‌తో, అంటే ఇంటర్నెట్ మీదుగా వేసే ప్రైవేటు దారితో కలపాలన్నా ఇదే అడ్డం. అందుకని ఊరికో వరుస కేటాయించండి: చిత్తూరుకు 10.20.1, పుత్తూరుకు 10.20.2, కుప్పానికి 10.20.3, ఇలా. ఒక మాట మాత్రం గుర్తుంచుకోండి. కెమెరాల డబ్బాకు, వేలిముద్ర మిషనుకు అడ్రస్ సాధారణంగా చేత్తో పెట్టి ఉంటుంది. రౌటర్‌లో వరుస మార్చగానే అవి రెండూ అందకుండా పోతాయి. ఈ పని ఫోన్‌లో చెప్పి చేయించకండి, మీరు ఆ ఊళ్ళో ఉన్న రోజే చేయండి.

మొదటి అడుగు: రౌటర్‌ను అడగండి

రౌటర్ పేజీలోకి వెళ్ళి డీహెచ్‌సీపీ జాబితా తెరవండి. తాను ఎవరికి ఏ అడ్రస్ ఇచ్చిందో, ఏ పేరుతో అడిగారో అందులో కనిపిస్తుంది. ఫోన్లు, టీవీలు, ప్లగ్గులు చాలావరకు ఇక్కడే దొరుకుతాయి. స్క్రీన్‌షాట్ తీసి తారీఖు వేసి దాచుకోండి.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. అడ్రస్ చేత్తో పెట్టిన పరికరం రౌటర్‌ను ఏమీ అడగదు కాబట్టి ఈ జాబితాలోకి రాదు. అంటే మీరు అన్నిటికన్నా ముందు చూడాల్సిన కెమెరాల డబ్బానే ఇందులో ఉండకపోవచ్చు.

రెండో అడుగు: బ్రాంచి లోపలి నుంచి స్కాన్

ఈ పని తిరుపతి నుంచి సరిగ్గా కాదు. ఒక నెట్‌వర్క్‌లోని పరికరాలు ఒకదాన్నొకటి కనుక్కునేది ఆర్ప్ అనే పిలుపుతో. "ఈ అడ్రస్ ఎవరిది?" అని గట్టిగా అరిచినట్టు అడిగితే, ఆ అడ్రస్ ఉన్నది "నాది" అని తన మ్యాక్ అడ్రస్, అంటే సాధారణంగా ఫ్యాక్టరీలోనే పెట్టిన గుర్తింపు నంబరు చెబుతుంది. ఆ అరుపు రౌటర్ దాటి బయటికి రాదు. "ఉన్నావా?" అని అడిగే పింగ్‌కు బదులివ్వని మొండి పరికరం కూడా ఆర్ప్‌కు బదులివ్వక తప్పదు, లేకపోతే అది నెట్‌వర్క్‌లో పనిచేయలేదు. అందుకే బ్రాంచిలోని కంప్యూటర్ మీదే స్కాన్ నడపాలి. రిమోట్‌గా ఆ కంప్యూటర్‌లోకి వెళ్ళి నడిపినా పర్వాలేదు.

నెట్‌వర్క్‌లో ఏమేం ఉన్నాయో వెతికే సాఫ్ట్‌వేర్ ఎన్‌మ్యాప్ ఉచితం. దాని కిటికీ రూపం జెన్‌మ్యాప్ కొత్తవాళ్ళకు తేలిక. అందులో బ్రాంచి అడ్రస్‌ల వరుస ఇచ్చి "పింగ్ స్కాన్" ఎంచుకోండి. ఒకే నెట్‌వర్క్‌లో ఉంటే అది ఆర్ప్‌తోనే వెతుకుతుంది. ఉన్నవాటి మ్యాక్ అడ్రస్‌లు, తయారీదారు పేర్లు కాసేపట్లోనే వచ్చేస్తాయి.

ఒక్కసారి చేస్తే చాలదు. బ్యాటరీతో నడిచే సెన్సర్లు నిద్రపోయి మధ్యమధ్య లేస్తాయి, టీవీ మీటింగ్ రోజే వెలుగుతుంది, కరెంటు పోయి వస్తే అడ్రస్‌లు మారవచ్చు. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి, కనీసం వారం రోజులు చేయండి. రాత్రి స్కాన్ నాకు చాలా ఇష్టం. మనుషులూ ఫోన్లూ ఇళ్ళకు వెళ్ళిపోయాక మిగిలేవన్నీ పరికరాలే.

మూడో అడుగు: మ్యాక్ అడ్రస్ చదవడం

మ్యాక్ అడ్రస్‌లో 12 గుర్తులుంటాయి. సాధారణంగా మొదటి ఆరు గుర్తులను బట్టి ఎవరు తయారుచేశారో తెలుస్తుంది, ఆ సంఖ్యలను ఐఈఈఈ సంస్థ కేటాయిస్తుంది. అయితే ఆ పేరు ఒక్కోసారి లోపలి చిప్ చేసినవాళ్ళది. "ఎస్‌ప్రెసిఫ్" అని కనిపిస్తే అది ప్లగ్గు కావచ్చు, బల్బు కావచ్చు, మోటారు స్టార్టర్ కావచ్చు. పలమనేరులో అలా కనిపించిన మూడింటిలో ఒకటి పాల ట్యాంకు ఉష్ణోగ్రత డబ్బా. తెలియదు కదా అని దాన్ని ఆపేసి ఉంటే ఆ రాత్రి ట్యాంకు వేడెక్కినా ఎవరికీ కబురందేది కాదు. గుర్తుపట్టకుండా దేన్నీ ఆపకండి.

రెండో గుర్తు 2, 6, A, E లలో ఒకటైతే అది చాలావరకు ఫోను తనకు తానుగా పెట్టుకున్న మారు అడ్రస్. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు మామూలుగానే ఇలా చేస్తున్నాయి. వీటి వెనక పడి టైమ్ వృథా చేసుకోకండి. సిబ్బంది ఫోన్లకు వేరే వైఫై ఇచ్చేస్తే ఈ గోల తగ్గుతుంది.

నాలుగో అడుగు: ఏ తలుపులు తెరిచి ఉన్నాయి?

తయారీదారు పేరు చాలకపోతే తెరిచి ఉన్న పోర్టులు, అంటే పరికరం ఒక్కో పనికి వాడే నంబరు తలుపులు చెబుతాయి. 554 తెరిచి ఉంటే కెమెరా వీడియో అనుకోవచ్చు. 9100 ప్రింటర్లది. 37777 దాహువా కంపెనీ రకం డీవీఆర్‌లది, 8000 హిక్‌విజన్ కంపెనీ డబ్బాలు వాడేది. వేలిముద్ర మిషన్లలో చాలావాటికి 4370. ఇక 23 తెరిచి ఉంటే అది టెల్‌నెట్, దూరం నుంచి పరికరంలోకి లాగిన్ అయ్యే పాత పద్ధతి, మిరాయ్ వెతుక్కుంటూ వచ్చిన తలుపు. ఆ పరికరాన్ని ఆ రోజే చూడండి. జెన్‌మ్యాప్‌లో "క్విక్ స్కాన్" సరిపోతుంది, 37777, 4370 మాత్రం విడిగా చేర్చి అడగాలి.

పని వేళల్లో "ఇంటెన్స్ స్కాన్" జోలికి పోకండి. 9100 పోర్టుకు ఏం పంపినా ప్రింటర్ దాన్ని కాగితం మీద కొట్టేస్తుంది. అందుకే ఎన్‌మ్యాప్ కూడా వివరంగా ప్రశ్నించేటప్పుడు మామూలుగా ఆ పోర్టును వదిలేస్తుంది. పాత వేలిముద్ర మిషన్లయితే గట్టిగా స్కాన్ చేస్తే బిగుసుకుపోవచ్చు. పొద్దున అందరూ వేలు పెట్టే వేళకు అలా జరిగితే హాజరు పోయిందని అందరికీ టెన్షన్.

కెమెరాల డబ్బా దొరికాక దాని లోపలి యూజర్ల జాబితా కూడా చూడండి. పలమనేరు నెట్ కథ అక్కడే తేలింది. సాయంత్రం పాల తూకం వేళకు ఐదుగురు తమ ఫోన్లలో లైవ్ చూస్తున్నారు. అప్‌లోడ్ అంతా ఆ వీడియోకే పోతోంది. ఆ ఐదుగురిలో ఒకరు ఏడాది కిందటే ఉద్యోగం మానేసినవారు.

ఐదో అడుగు: కాళ్ళతో నడిచి చూడడం

స్కాన్ జాబితా చేతిలో ఉండగానే బ్రాంచి మొత్తం ఒకసారి తిరగండి. మీరు వెళ్ళలేకపోతే వీడియో కాల్‌లో అక్కడివాళ్ళను తిప్పించండి. మేనేజర్ కన్నా అటెండర్‌కే ఎక్కువ తెలుసని నా అనుభవం. ఏ వైరు ఎక్కడికి పోతుందో, ఏ నిచ్చెన ఎక్కి ఎవరు ఏం బిగించారో చూసేది ఆయనే.

"అన్నా, మెట్ల కింద ఏమైనా ఉందా?"

"ఈడ ఒక తెల్ల డబ్బా ఉండాది సార్, పచ్చలైటు వెలగతా ఉంది. బ్రహ్మోత్సవాలప్పుడు బయట కౌంటరు పెట్టినారు కదా, ఆ టయానికి తెచ్చింది."

ఇది తిరుపతి ఆఫీసు సంగతి. కౌంటరు తీసేసి నాలుగు నెలలైనా దాని వైఫై డబ్బా అలాగే ఉంది, పాస్‌వర్డ్ కూడా లేకుండా.

స్కాన్ జాబితానూ నడక జాబితానూ పక్కపక్కన పెట్టండి. రెండింటిలోనూ ఉన్నవాటితో పేచీ లేదు. స్కాన్‌లో ఉండి కంటికి కనిపించనిదాన్ని నెట్‌వర్క్ వైర్లన్నీ కలిసే స్విచ్ సాయంతో పట్టుకోవాలి. మేనేజ్‌మెంట్ ఉన్న స్విచ్ అయితే ఏ మ్యాక్ అడ్రస్ ఏ పోర్టులో (వైరు గుచ్చే రంధ్రంలో) ఉందో చూపిస్తుంది, ఆ వైరు పట్టుకుని వెళ్ళడమే. మామూలు స్విచ్ అయితే పని వేళలు అయిపోయాక ఒక్కో వైరూ తీసి చూడాలి.

కంటికి కనిపించి స్కాన్‌లో లేనివాటి మీద ఎక్కువ మనసు పెట్టండి. సొంత సిమ్ ఉన్న 4జీ కెమెరా, కార్డు గీకే మిషన్ మీ నెట్‌వర్క్‌కు అసలు తగలవు. వైరు ద్వారానే కరెంటు ఇచ్చే కొన్ని ఎన్‌వీఆర్‌లు (నెట్‌వర్క్ కెమెరాల డబ్బాలు) కెమెరాలకు లోపల వేరే నెట్‌వర్క్ నడుపుతాయి, బయటికి ఒక్క డబ్బాగానే కనిపిస్తాయి. ఎవరో తగిలించిన రెండో రౌటర్ తన వెనకున్నవన్నీ దాచేస్తుంది. సోలార్ స్టిక్‌లలో కొన్ని సొంతంగా వైఫై సిగ్నల్ వదులుతుంటాయి, కాబట్టి ఫోన్‌లో వైఫై పేర్ల జాబితా చూస్తూ నడవండి.

ఆరో అడుగు: పేరు రాయడం

ఒక షీట్ చాలు. ఊరు, పరికరం, ఎక్కడ ఉంది, మ్యాక్ అడ్రస్, ఐపీ, ఎవరు బిగించారు, పాస్‌వర్డ్ ఎప్పుడు మార్చాం, బాధ్యత ఎవరిది. చివరి గడిలో "ఐటీ శాఖ" అని రాయొద్దు, మనిషి పేరు రాయండి. ఆ గడి నింపలేని పరికరం ఉందంటే అది అవసరమో కాదో అడగాల్సిన టైమ్ వచ్చినట్టే. నేను చూసిన బ్రాంచిల్లో ఈ ఒక్క ప్రశ్నతోనే చాలావాటిని తీసేశారు.

దేశ సైబర్ భద్రత చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ సంఘటన తెలిసిన 6 గంటల్లోపు నివేదించాలి, లాగ్‌లు 180 రోజులు దాచాలి. స్మార్ట్ పరికరాల మీద దాడులూ ఆ పట్టికలో ఉన్నాయి. తిరుపతి నుంచి కుప్పం వెళ్ళడానికే సగం పూట పోతుంది. ఈ షీట్ ముందే ఉంటే ఆ ఆరు గంటలు వెతుకులాటకు పోవు.

ఏడో అడుగు: వేరు చేయడం, కాపలా పెట్టడం

కెమెరాలు, సెన్సర్లు, టీవీలకు ఒక వీలాన్ (అదే వైర్ల మీద వేరుగా నడిచే నెట్‌వర్క్), కంప్యూటర్లకు ఒకటి, ఫోన్లకు గెస్ట్ వైఫై. రౌటర్ అంత చేయలేకపోతే కనీసం గెస్ట్ వైఫైలోకి ప్లగ్గులను, టీవీని తోసేయండి. యూపీఎన్‌పీ ఆపండి, ఎందుకంటే పరికరాలు మిమ్మల్ని అడగకుండానే బయటికి పోర్టులు తెరుచుకునేది దానితోనే. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లన్నీ మార్చండి.

కాపలాకు ప్రతి బ్రాంచిలో ఒక రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న కంప్యూటర్, దానిమీద ఆర్ప్‌వాచ్ గానీ నెట్‌అలర్ట్‌ఎక్స్ గానీ పెడితే చాలు. రెండూ ఉచితమే. కొత్త మ్యాక్ అడ్రస్ కనపడగానే మీకు కబురు పంపుతాయి. డీఎన్ఎస్ అడగడాలు, అంటే ఏ పరికరం ఏ సైటు అడ్రస్ అడిగిందో కూడా నమోదు చేస్తే ఇంకా మేలు, రాత్రి రెండింటికి టీవీ ఎవరిని పిలుస్తోందో తెలుస్తుంది. ఈ చిన్న కంప్యూటర్‌ను కూడా షీట్‌లో రాయడం మరిచిపోకండి, నేను ఒకసారి మరిచిపోయి అరగంట నా పెట్టెనే వెతుక్కున్నాను.

పలమనేరులో ఇప్పుడు వైఫై పాస్‌వర్డ్ మేనేజర్ దగ్గర లేదు. ఎవరైనా ఏదైనా బిగించడానికి వస్తే ముందు అటెండర్ పెట్టె మీది స్టిక్కర్ ఫోటో తీసి తిరుపతికి పంపుతారు. మ్యాక్ అడ్రస్ షీట్‌లోకి ఎక్కాకే పాస్‌వర్డ్ వెళుతుంది. పోయిన నెల నీటి ట్యాంకుకు సెన్సర్ పెట్టడానికి వచ్చిన కుర్రాడు పావుగంట ఆగాల్సి వచ్చింది. ఆ పావుగంటలో అటెండర్ అతనికి మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టారు.