విమానంలో వైఫై, వీడియో కాల్: ఎక్కేముందే చూసుకోవాల్సినవి

ముందు డబ్బుల సంగతి తేల్చుకోండి. గాలిలో ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో ఉంటుంది, సిమ్‌కు సిగ్నల్ ఉండదు. వైఫై ప్యాక్ కొందామని కార్డు నంబరు కొడితే ఓటీపీ మెసేజ్ రాదు, పేమెంట్ అక్కడే ఆగిపోతుంది. వీలుంటే ప్యాక్‌ను ఇంటి దగ్గరే కొనేయండి.

ఫ్లైట్ మోడ్ వేశాకే వైఫై ఆన్ చేయాలి. మర్చిపోతే, కొన్ని అంతర్జాతీయ విమానాల్లో ఉండే మొబైల్ నెట్‌వర్క్‌ను ఫోన్ దానంతటదే పట్టుకుంటుంది, రోమింగ్ బిల్లు వాచిపోతుంది.

లాగిన్ పేజీ తెరుచుకోకపోతే ఫోన్‌లో వీపీఎన్ (నెట్‌ను వేరే సర్వర్ మీదుగా పంపేది), ప్రైవేట్ డీఎన్ఎస్ (సైట్ల చిరునామాలు వెతికే సెట్టింగ్) ఆపి చూడండి. ఫొటోల బ్యాకప్, యాప్ అప్‌డేట్లు, వాట్సాప్ ఆటో డౌన్‌లోడ్ ముందే ఆపేయాలి. లేకపోతే 100 ఎంబీ ప్యాక్ నిమిషాల్లో ఖాళీ.

మన గగనతలంలో 3,000 మీటర్ల ఎత్తు దాటి, సిబ్బంది చెప్పాకే వైఫై.

వీడియో కాల్ మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. చాలా ఎయిర్‌లైన్లు కాల్స్‌కు ఒప్పుకోవు. ఒప్పుకున్నా, విమానంలో నెట్ ఎక్కువగా ఉపగ్రహం ద్వారానే వస్తుంది. అది భూస్థిర ఉపగ్రహమైతే (భూమధ్యరేఖ పైన, భూమితో పాటే తిరుగుతూ ఒకేచోట ఉన్నట్టు కనిపించేది) సిగ్నల్ దాదాపు 36,000 కిలోమీటర్ల పైకి వెళ్లి రావాలి. మీ ‘హలో’కు జవాబు అర సెకను దాటాకే వినిపిస్తుంది, ఇద్దరూ ఒకేసారి మాట్లాడేస్తారు, బొమ్మ బిగుసుకుపోతుంది. స్టార్‌లింక్ లాంటి, భూమికి దగ్గరగా తిరిగే దిగువ కక్ష్య ఉపగ్రహాలతో ఈ ఆలస్యం బాగా తక్కువ. ఢిల్లీ–అమెరికా విమానం ధ్రువానికి దగ్గరగా వెళ్లినప్పుడు భూస్థిర ఉపగ్రహాలు అందక కనెక్షనే పోవచ్చు. ఉద్యోగ ఇంటర్వ్యూలు దయచేసి ఆ సమయానికి పెట్టుకోవద్దు.

మాట్లాడాల్సివస్తే ఇయర్‌ఫోన్ తప్పనిసరి. స్పీకర్ పెడితే పక్కసీటులో నిద్రపోయే పసిబిడ్డ లేస్తుంది.