సైకిల్ భాగాలు ఇంట్లోనే విప్పాలంటే ఏ పానాలు కొనాలి?

ఒక్క స్క్రూ స్పానర్ ఉంటే ఏ నట్టయినా ఊడి వస్తుందని ఒకప్పుడు నేనూ నమ్మాను. దానితోనే ఎడమ పెడల్ విప్పబోయాను. అరగంట కుస్తీ పట్టాక తేలిందేమిటంటే, నేను విప్పడం లేదు, ఇంకా గట్టిగా బిగిస్తున్నాను. ఈలోగా స్పానర్ దవడలు జారీ జారీ, పెడల్ ఇరుసు మీది పలకలను గుండ్రంగా అరగదీశాయి. అందుకే చెబుతున్నాను: పనిముట్ల పెట్టె కొనకముందు సైకిల్ దగ్గర కాసేపు కూర్చోండి.

1. ముందు తుడిచి చూడండి

పాత గుడ్డకు కాస్త కిరోసిన్ అద్ది, విప్పాల్సిన చోటల్లా మట్టి, జిడ్డు తుడవండి. బయటికి ఆరు పలకల నట్టు కనిపిస్తే పానా కావాలి. బోల్టు తలలో ఆరు మూలల గుంట ఉంటే అలెన్ కీ కావాలి. పాత నల్ల సైకిళ్లలో దాదాపు అన్నీ నట్లే. గేర్ల సైకిళ్లలో హ్యాండిల్, సీటు, బ్రేకుల దగ్గర ఎక్కువగా 4, 5, 6 మిల్లీమీటర్ల అలెన్ కీలే పడతాయి.

అలెన్ కీల దగ్గర పిసినారితనం వద్దు. నాసిరకం కీ మూలలు అరిగిపోతాయి, పోతూ పోతూ బోల్టు గుంటను కూడా పాడుచేస్తాయి. గుంటలో గట్టిపడిన మట్టిని పిన్నీసుతో గీకి, కీ అడుగుదాకా దిగాకే తిప్పండి.

పానాల్లో 8-9, 10-11, 12-13, 14-15 చాలు. చక్రాల నట్లకు రింగు పానా మేలు. అది ఆరు పలకలనూ పట్టుకుంటుంది కాబట్టి జారదు.

2. పెడళ్లు

చాలా పెడళ్లకు 15 మిల్లీమీటర్ల పానా సరిపోతుంది. కానీ పెడల్‌కూ క్రాంకుకూ (పెడల్ బిగించి ఉండే పొడవాటి చేయి) మధ్య సందు ఇరుకు, మామూలు పానా అందులో దూరకపోవచ్చు. పలుచగా, పొడుగు పిడితో ఉండే పెడల్ పానా దీనికోసమే. కొన్ని పెడళ్లకు పలకలే ఉండవు. క్రాంకు లోపలివైపు నుంచి 6 లేదా 8 మిల్లీమీటర్ల అలెన్ కీ పెట్టాలి.

ఇక నన్ను ఏడిపించిన సంగతి. కుడి పెడల్ మామూలుగానే ఊడుతుంది, ఎడమ పెడల్‌కు మాత్రం మర తిరగబడి ఉంటుంది. తొక్కుతుండగా అది తనంతట తాను వదులు కాకుండా చేసిన ఏర్పాటు అది. గుర్తు పెట్టుకోవడానికి తేలిక దారి: పానా పిడిని నిట్టనిలువుగా పైకి ఉంచి, వెనక చక్రం వైపు లాగండి. ఏ పక్కదైనా వదులవుతుంది. కుడివైపు పని చేసేటప్పుడు చైనును పెద్ద పళ్లచక్రం మీదకు వేయండి. పానా జారితే పిడికిలి వెళ్లి తగిలేది ఆ పళ్లకే.

3. క్రాంకులు

పాత సైకిళ్లలో క్రాంకును పట్టి ఉంచేది కాటర్ పిన్ను. దానికి ప్రత్యేక పనిముట్టు అక్కర్లేదు, పానా, సుత్తి, ఒక చెక్క దిమ్మ చాలు. నట్టును పూర్తిగా తీసేయకండి. దాని పైఅంచు పిన్ను కొసతో సమానమయ్యేదాకా వదులు చేసి ఆపండి, లేకపోతే దెబ్బకు మర చితికిపోతుంది. క్రాంకు కింద దిమ్మ ఆనించి, నిటారుగా ఒకే ఒక్క గట్టి దెబ్బ వేయండి. పది చిన్న దెబ్బలతో పిన్ను వంగడమే తప్ప కదలదు.

నలుచదరపు ఇరుసున్న సైకిళ్లకు క్రాంకు పుల్లర్, అంటే క్రాంకును ఇరుసు మీంచి బయటికి లాగే పనిముట్టు, కావాలి. ముందు బోల్టు తీయండి, దానితోపాటు లోపల వాషర్ ఉంటే అదీ తీయండి. వాషర్‌ను మరిచిపోవడం చాలామందికి అలవాటు. తర్వాత పుల్లర్‌ను చేత్తోనే చివరిదాకా ఎక్కించండి. రెండు మూడు చుట్లు ఎక్కగానే చాలనుకుని తిప్పితే, అల్యూమినియం మర మొత్తం పెచ్చులా ఊడి చేతికొస్తుంది. ఇక ఆ క్రాంకు దాదాపు పోయినట్టే.

4. వెనక పళ్లచక్రాలు

చాలామంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. చూడటానికి ఒకేలా ఉన్నా, ఇవి రెండు రకాలు: ఫ్రీవీల్, క్యాసెట్. చక్రం బయటికి తీసి పళ్లను వెనక్కి తిప్పండి. మధ్యలో పనిముట్టు దిగే గాళ్లు పళ్లతోపాటే తిరిగితే అది క్యాసెట్, కదలకుండా ఉంటే ఫ్రీవీల్.

క్యాసెట్‌కు దాన్ని పట్టి ఉంచే లాక్‌రింగ్‌ను విప్పే పనిముట్టు, పళ్లు తిరగకుండా పట్టుకోవడానికి చైన్ విప్ (పిడికి చైను ముక్క తగిలించిన పనిముట్టు) కావాలి. ఫ్రీవీల్‌కు దాని గాళ్లకు సరిగ్గా సరిపోయే రిమూవర్ ఒక్కటే చాలు, కాకపోతే తొక్కిన ప్రతిసారీ అది బిగుసుకుంటూ వచ్చి ఉంటుంది. చేతి బలం చాలకపోతే రిమూవర్‌ను బెంచి వైస్‌లో బిగించి, చక్రాన్ని దాని మీద కూర్చోబెట్టి, బస్సు స్టీరింగ్‌లా ఎడమకు తిప్పండి. చక్రం పుల్లలు (స్పోకులు) తీసేసే ఆలోచన ఉంటే ముందు ఫ్రీవీల్ తీయండి, తర్వాత పట్టుకోవడానికి చక్రమే ఉండదు.

5. మిగిలినవి

టైరుకు రెండు ప్లాస్టిక్ లీవర్లు కొనండి. స్క్రూడ్రైవర్ పెడితే ట్యూబుకు కొత్త చిల్లు పడుతుంది. గేరు లేని సైకిల్ చైనుకు సాధారణంగా క్లిప్ లింకు ఉంటుంది, దాన్ని పట్టకారుతో జరిపితే చాలు. లింకు కనిపించకపోతే చైన్ కట్టర్ కావాలి. తుప్పు పట్టిన చోట తుప్పు వదిలించే నూనె వేసి, ఒక రాత్రి వదిలేయండి.

క్రాంకుల మధ్యనున్న బాటమ్ బ్రాకెట్‌కు పనిముట్టు కొనమని మాత్రం చెప్పను. ఏ నాలుగేళ్లకో ఒకసారి వచ్చే పని అది, దుకాణంలో ఇస్తే చవక. మీరే విప్పుతానంటే ఒక్క మాట: మన దగ్గర తిరిగే చాలా సైకిళ్లలో అక్కడా ఒక మర తిరగబడి ఉంటుంది. ఈసారి కుడివైపు.