వీధిలో దొంగతనాలు ఆపడానికి పోలీసులతో కలిసి పనిచేయడం ఎలా?

దసరా వెళ్లిన మంగళవారం, పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం రోజున విజయనగరమంతా మూడు లాంతర్ల నుంచి కోట దాకా రోడ్డు మీదే ఉంటుంది. ఆ పూట వీధుల్లో సగం ఇళ్లకు తాళాలే. వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం కదా, చాలదా అంటారు. చాలదు.

ముందు జాబితా. ఇరవై ఇళ్లకు మించి కలపొద్దు. అంతకు మించితే ఎవరి మొహం ఎవరికీ గుర్తుండదు. అద్దెకున్నవాళ్లను కూడా చేర్చి, పేర్లు, ఫోన్ నంబర్లు కాగితం మీద రాసి, ఒక నకలు మీ పరిధి స్టేషన్లో ఇవ్వండి. ఎస్‌ఐ గారిని ఒకసారి వీధికి పిలవండి. బీట్ కానిస్టేబుల్, సచివాలయం మహిళా పోలీసుల నంబర్లు అందరి ఫోన్లలోనూ ఉండాలి.

వీధి దీపాలు వెలిగేలా చూసుకోండి. కెమెరా పెడితే దాని రికార్డు పెట్టె హాల్లో టీవీ పక్కన ఉంచకండి, దొంగలు దాన్నే ముందు పట్టుకుపోతారు. లోపలి గదిలో, తాళం వేసిన అల్మారాలో ఉండాలి. నన్నడిగితే నాలుగు కెమెరాల కన్నా, పగలు ఇంట్లో ఉండే ఒక పెద్దావిడ నయం. కెమెరా జరిగింది చూపిస్తుంది. ఆవిడ "ఎవరు బాబూ, ఎవరింటికి?" అని జరగకముందే అడుగుతుంది.

ఊరెళ్తే పక్కింటివాళ్లకు చెప్పండి. పాలు, పేపరు ఆపేయండి. తాళం వేసిన ఇళ్లపై నిఘాకు ఏపీ పోలీసులు పెట్టిన ఎల్‌హెచ్‌ఎంఎస్ యాప్‌లో నమోదు చేసుకుంటే పోలీసులే వచ్చి తాళం వేసిన ఇంట్లో కెమెరా పెడతారు, అందుకు డబ్బులేమీ కట్టక్కర్లేదు. ప్రయాణం ఫొటోలు తిరిగొచ్చాకే పెట్టండి.

ఇక అసలు కష్టమైన చోటు: అనుమానం వచ్చినప్పుడు ఏం చేయాలన్నది. అన్ని వీధులూ తప్పేది ఇక్కడే.

కొత్త మనిషి కనబడగానే ఫొటో తీసి గ్రూపులో పెట్టడం మానండి. ముందు 112కి ఫోన్. గుర్తున్న ఆనవాలు మొదట చెప్పండి: ఏ గుడి పక్క, ఏ స్కూలు ఎదురుగా. తర్వాత ఎంతమంది, ఏ బట్టలు, బండి నంబరు, ఎటు వెళ్తున్నారు. వాళ్లు ఫోన్ పెట్టమనే దాకా మీరు పెట్టకండి. ఆ తర్వాతే బీట్ కానిస్టేబుల్‌కి, ఆ తర్వాతే గ్రూపులో ఒక్క ముక్క.

వెంటపడకండి. చీకట్లో వాడి చేతిలో ఇనుప రాడ్డుందో కత్తుందో మీకు కనబడదు. అన్ని ఇళ్ల లైట్లూ వేసి, మేడ మీంచి గట్టిగా కేకలేస్తే చాలు, మెలకువగా ఉన్న వీధిలో దొంగ నిలవడు.

మనిషి దొరికితే కొట్టకండి. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. 2018 వేసవిలో పార్థీ గ్యాంగ్ అనే దొంగల ముఠా దిగిందని ఫోన్లలో పుకారు పాకితే, తెలుగు ఊళ్లలో బిచ్చగాళ్లను, మతి స్థిమితం లేనివాళ్లను జనం చావబాదారు. భాష రాకపోవడం, చిరిగిన బట్టలు, ఆగి ఆగి నడవడం, ఇవేవీ నేరాలు కావు. పల్లెల నుంచి పనికోసం తిరిగే మన జిల్లా మనుషులే ఇంకో ఊళ్లో కొత్త మొహాలని మరిచిపోకండి. కళ్లెదుట దొంగతనం లాంటి పెద్ద నేరం చేస్తూ దొరికినవాడిని పట్టుకునే హక్కు పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్ మామూలు పౌరుడికీ ఇచ్చింది. కానీ జాప్యం చేయకుండా, ఎట్టి పరిస్థితిలోనూ ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి. కొట్టే హక్కు ఎక్కడా ఇవ్వలేదు. కొడితే కేసు మీ మీద పడుతుంది, అసలు దొంగ తప్పించుకుంటాడు. పోలీసులు వచ్చేదాకా ఇద్దరు నిదానమైన పెద్దవాళ్లు అతని పక్కన కూర్చోవాలి, కుర్రాళ్లను దూరంగా పంపేయాలి. ఆ ఇద్దరు ఎవరో ముందే అనుకోండి, ఆ క్షణంలో ఎవరూ ఎవరి మాటా వినరు.

అప్పటికే దొంగతనం జరిగిపోయి ఉంటే ఇంట్లోకి వెళ్లకండి, బీరువా ముట్టుకోకండి, వేలిముద్రలు చెరిగిపోతాయి. వెంటనే పోలీసులకు చెప్పి ఫిర్యాదు రాసివ్వండి, ఆధారాలు సేకరించే క్లూస్ టీమ్ వచ్చి చూసేదాకా అన్నీ అలాగే ఉంచండి. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి.