నెల్లూరు, ఒంగోలు తీరంలో సముద్రపు గాజు ఏరడం ఎలా? దొరికినదాన్ని గుర్తుపట్టడం ఎలా?

సముద్రంలో పడిన సీసా పగిలి, ఆ ముక్క ఏళ్ల తరబడి ఇసుకలో దొర్లి, అంచుల పదును పోయి, పైన మసక పట్టి ఒడ్డుకు చేరితే దాన్ని సముద్రపు గాజు అంటారు. చూడ్డానికి పటికబెల్లం ముక్కలా ఉంటుంది. విదేశీ వీడియోలు చూసి సరదాపడి మైపాడు వెళ్లినవాళ్లు చాలామంది ఉత్తచేతులతో తిరిగొస్తారు. ఆ వీడియోల్లోవి గులకరాళ్ల తీరాలు. పేరుమోసిన ఫోర్ట్ బ్రాగ్ తీరమైతే, కాలిఫోర్నియాలో, 1967 దాకా ఆ ఊరి చెత్త పారబోసిన చోటు. మనకు తూపిలిపాలెం నుంచి కొత్తపట్నం దాకా దాదాపు అంతా మెత్తటి ఇసుకే. బరువైన గాజు అందులో కూరుకుపోతుంది. పైకి తేలేది కొంచెమే. అది కూడా గవ్వలు, పెంకులు, పలుగురాళ్లు, ప్లాస్టిక్కుతో కలిసిపోయి ఉంటుంది. కాబట్టి ఇక్కడ ఏరడానికి పట్టే ఓపిక కంటే గుర్తుపట్టడానికి పట్టే ఓపికే ఎక్కువ.

ఎప్పుడు వెళ్లాలి

అక్టోబరు నుంచి జనవరి దాకా మంచి కాలం. ఈశాన్య రుతుపవనాల అలలు, తుఫాన్లు ఒడ్డు ఇసుకను కోసేస్తాయి, అడుగు పొరల్లో ఉన్నవి బయటపడతాయి. తుఫాను హెచ్చరిక పూర్తిగా ఎత్తేసి, సముద్రం నెమ్మదించాకే వెళ్లండి. ఆలస్యం చేస్తే మాత్రం కొత్త ఇసుక మళ్లీ కప్పేస్తుంది. ఎండాకాలంలో ఒడ్డు మేట వేసి ఉంటుంది, అప్పుడు గవ్వలతో సరిపెట్టుకోవాలి.

అమావాస్య, పౌర్ణమి రోజుల చుట్టూ పోటు బాగా పైకి వస్తుంది, ఆటు బాగా కిందికి పోతుంది. మన దగ్గర ఈ తేడా గుజరాత్‌లోని ఖంభాత్ సింధుశాఖలో ఉన్నంత ఉండదు, అయినా ఆ కొద్దిపాటి తడి ఇసుకే మనకు కావలసింది. ఆటు వేళ రోజురోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ఆటుపోట్ల వేళలు, పెద్ద అలల హెచ్చరికలు ఇస్తుంది. బయల్దేరే ముందు రెండూ చూసుకోండి. అన్నిటికంటే సులువు, పాలెంలో వల బాగుచేసుకుంటున్న పెద్దాయన్ని అడగడం. "పెద్దయ్యా, నీళ్లు ఎప్పుడు తీస్తాయి?" అంటే చాలు.

ఎక్కడ వెతకాలి

నున్నగా, అందంగా ఉన్న ఇసుక మీద టైం దండగ. అల వచ్చి ఆగిపోయిన చోట చెత్త ఒక గీతలా పడి ఉంటుంది కదా, దాని వెంట నడవండి. అందులో కూడా సరుగుడు కాయలు, పుల్లలు ఉన్న భాగాన్ని దాటేయండి. అవి తేలికవి. గులక, బరువైన చిప్పలు పోగుపడిన చోట వంగి చూడండి, ఎందుకంటే గాజు బరువు వాటి బరువుకు దగ్గర. నీళ్లు సముద్రంలోకి జారే చిన్న కాలువల అడుగు, నదులు సముద్రంలో కలిసే మొగల దగ్గరి ఒడ్డు, పడవలు ఆగే చోట్లు, అలల తాకిడికి వేసిన రాళ్ల కట్టల పక్కన ఉన్న గుంతలు కూడా చూడదగ్గవే. ఊటుకూరు వైపు పెన్న, ఒంగోలు వైపు గుండ్లకమ్మ లోపలి ఊళ్ల నుంచి చాలా సరుకు మోసుకొస్తాయి.

మొగల దగ్గర నీళ్లలోకి మాత్రం దిగొద్దు. ఒరవడి పైకి కనిపించదు. కృష్ణపట్నం ఓడరేవు హద్దుల్లోకి, శ్రీహరికోట వైపు నిషేధిత ప్రాంతంలోకి పోవద్దు. వంగి ఏరేటప్పుడు సముద్రానికి వీపు పెట్టి నిలబడొద్దు. మందపాటి చెప్పులు ఉండాలి, సూదులు కూడా కొట్టుకొస్తాయి. ఒక గుడ్డసంచి, పాత టీ వడపోత, చిన్న భూతద్దం, నీళ్లసీసా చాలు. సూర్యుడు ఇంకా పైకి రాకముందు తూర్పుకేసి చూస్తూ ఒడ్డు వెంట నడిస్తే గాజు వెలుగును పట్టి మెరుస్తుంది. ఎండెక్కితే ఆ సౌకర్యం ఉండదు.

గాజా, పలుగురాయా, ప్లాస్టిక్కా?

ఎక్కువమంది బోల్తా పడేది పలుగురాయి దగ్గరే. గూడూరు, సైదాపురం చుట్టూ ఉన్న అభ్రకం గనుల ప్రాంతంలో తెల్ల పలుగురాయి విస్తారం. అరిగిన పలుగురాయిని, తెల్ల సీసా ముక్కను పక్కపక్కన పెడితే కంటికి తేడా తెలియదు. మూడు పరీక్షలు చేయండి.

ముందు భూతద్దంతో చూడండి. గాజులో గుండ్రటి గాలిబుడగలు ఉండొచ్చు. పలుగురాయిలో సన్నటి పగుళ్లు, పొగలాంటి మచ్చలు ఉంటాయి. తర్వాత ఒక పాత సీసా మీద గట్టిగా గీయండి. పలుగురాయి గాజును గీస్తుంది, గాజుతో గీస్తే గీత అంత తేలిగ్గా పడదు. ఇంకా సందేహం ఉంటే చెంపకు ఆనించండి, పలుగురాయి గాజు కంటే చల్లగా తగులుతుంది. మూడోది అనుభవం మీద వస్తుంది, మొదటి రెండే నమ్మండి. అభ్రకం రేకులు కూడా ఇసుకలో మిలమిలలాడుతాయి. వాటికి పరీక్ష అక్కర్లేదు, గోటితో పొరలుగా ఊడొస్తాయి.

ప్లాస్టిక్ తేలిక. నాణెంతో తడితే మొద్దు చప్పుడు చేస్తుంది, గాజు ఖణీమంటుంది. గవ్వ ముక్కో గాజో తెలియకపోతే ఒక చుక్క నిమ్మరసం వేయండి. గవ్వ అయితే సన్నగా నురగలు వస్తాయి, గాజు మీద ఏమీ జరగదు. మంచి గవ్వ మీద ఈ పరీక్ష చేయకండి, మచ్చ పడుతుంది.

అసలు సముద్రపు గాజు మీద భూతద్దంలో నెలవంకల్లాంటి చిన్న గీతలు కనిపిస్తాయి. గాజులోని సోడా నెమ్మదిగా నీళ్లలోకి కరిగిపోవడం వల్ల ఆ మసక, ఇసుక తాకిడి వల్ల ఆ నెలవంకలు. ఇలా పట్టడానికి సాధారణంగా దశాబ్దాలు కావాలి. ఆన్‌లైన్‌లో అమ్మే 'సముద్రపు గాజు'లో చాలా భాగం యంత్రంలో దొర్లించినది. ఒకే మసక, ఒకే గుండ్రదనం ఉంటే అనుమానించండి. అంచులు ఇంకా పదునుగా ఉన్న ముక్క దొరికితే దాన్ని తిరిగి నీళ్లలోకి విసరొద్దు. అది ఎవరి పాదానికో గుచ్చుకునే చెత్త, సంచిలో వేసుకొచ్చి పారేయండి.

రంగును బట్టి ఏమిటో చెప్పొచ్చు

గోధుమరంగు ముక్క ఎక్కువగా బీరు సీసాది, ముదురు ఆకుపచ్చ కూడా దాదాపు అంతే. లేత నీలి ఆకుపచ్చ మాత్రం ఆగి చూడాల్సింది. గాజు తయారీకి వాడిన ఇసుకలోని ఇనుము వల్ల వచ్చే రంగు అది, పాత సోడా సీసాల రంగు. గోళీసోడా సీసాను హైరమ్ కాడ్ 1872లో ఇంగ్లండులో పేటెంటు చేశాడు. ఆ సీసా అక్కడ ఎప్పుడో పోయింది, మన బడ్డీకొట్లలో చాలాకాలం బతికింది. గొంతు నొక్కినట్టున్న ముక్కో, మసకబారిన గోళీయో దొరికితే నా లెక్కలో ఆ రోజు ఇంకేమీ దొరక్కపోయినా పర్లేదు. ముదురు నీలం అరుదు, అది చాలావరకు మందు సీసాలది.

వంపు తిరిగిన సన్నటి కడ్డీలాంటివి చేతి గాజుల ముక్కలు. కార్తీక పౌర్ణమి, మాఘ పౌర్ణమి స్నానాల తర్వాత ఎర్రవి, పచ్చవి కుప్పలుగా కనిపిస్తాయి. అంచు అరగకపోతే అవి నిన్నమొన్నటివే. ప్రమిదల ముక్కలు కూడా అంతే. అరిగిన ఎర్రటి గుండ్రాళ్లలో చాలావరకు ఇటుకలు, బెంగుళూరు పెంకులు. ఒకవైపు గోధుమరంగు మెరుగు, లోపల బూడిద తెలుపు ఉన్న మందపాటి ముక్క ఊరగాయ జాడీది.

గాజు కానివి

తెల్లగా, తేలిగ్గా, కోలగా ఉన్నది సముద్రపు నురుగు. నిజానికి అది ఒక జాతి కణవ చేప వీపులోని పెంకు, ఆయుర్వేదం కొట్లలో అమ్ముతారు. నీళ్ల మీద తేలే చిల్లుల రాయి అగ్నిపర్వతపు నురగరాయి. బూడిదరంగు గట్టి గింజ గచ్చకాయ, అది కూడా తేలుతూ దూరాలు వస్తుంది, అచ్చంగిల్లాలు ఆడిన అమ్మమ్మలకు చూపించండి. చిప్పకు నున్నటి గుండ్రటి చిల్లు ఉంటే అది వేటాడే నత్త తొలిచింది. ఇసుకలో నల్లటి చారలు చూసి నూనె అనుకోకండి, ఇల్మెనైట్ లాంటి బరువైన ఖనిజాలవి. వాటిలోని మాగ్నటైట్ గింజలు అయస్కాంతానికి అంటుకుంటాయి. ఎర్ర చారలు గార్నెట్‌వి. నల్లగా, మెత్తగా కాలికి అంటుకునేవి మాత్రం తారు ముద్దలే. కొబ్బరినూనె రాసి తుడిస్తే పోతాయి.

ముట్టకూడనివి, తేకూడనివి

గవ్వను జేబులో వేసుకునే ముందు తిప్పి చూడండి, లోపల సన్యాసి పీత ఉండొచ్చు. శంకువు ఆకారంలో ఉన్న, ప్రాణంతో ఉన్న గవ్వను చేత్తో పట్టుకోవద్దు, కొన్ని జాతుల కాటు ప్రాణాంతకం. పగడాలు, సముద్రపు గుర్రాలు, తాబేలు డిప్పలు, కొన్ని అరుదైన గవ్వలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. చనిపోయి ఒడ్డున పడినవైనా ఇంటికి తేవద్దు. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒడ్డు పైభాగంలో ఇసుకను తవ్వొద్దు, టార్చి వేసుకుని రాత్రిళ్లు తిరగొద్దు.

ఈ తీరానికి పాత వర్తకపు చరిత్ర ఉంది. మోటుపల్లి రేవు వర్తకులకు గణపతిదేవుడు అభయశాసనం ఇచ్చింది 1244లో. దుర్గరాజపట్నంలో ఆంగ్లేయులు 1626లోనే స్థావరం పెట్టారు, అప్పటికి మద్రాసు కోట లేదు. పాత నాణెమో, ఆనవాలు తెలియని పాత పింగాణీయో దొరికితే ఉన్నచోటే ఫోటో తీసి, చోటు గుర్తు పెట్టుకుని అధికారులకు చెప్పండి. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం నేలలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలి.

ఇంటికొచ్చాక

మంచినీళ్లలో ఒక రాత్రి నానబెట్టండి. ఉప్పు పోకపోతే ఆరాక తెల్లటి పొర కడుతుంది. పాత పళ్లబ్రష్షుతో గిన్నెల సబ్బు పెట్టి తోమితే చాలు. ఆరిన గాజు రంగు వెలిసినట్టు కనిపిస్తే కంగారు పడకండి, మసక గాజుకు అది సహజం. మెరుపు కోసం నూనె రాస్తారు కొందరు. దుమ్ము పట్టడం తప్ప దానివల్ల ఒరిగేది లేదు. గాజు సీసాలో నీళ్లు పోసి అందులో వేసి కిటికీలో పెడితే రంగు బాగా తెలుస్తుంది. ఏ ఊరి ఒడ్డున, ఏ తేదీన, ఏ తిథిన దొరికిందో చీటీ రాసి డబ్బాలో పెట్టండి. రెండేళ్ల చీటీలు పక్కపక్కన పెట్టి చూస్తే మీ ఊరి తీరంలో ఏ మూలకు ఎప్పుడు వెళ్లాలో అవే చెబుతాయి.