ఎండాకాలంలో కోళ్ల తాగునీరు వేడెక్కకుండా ఎలా చూసుకోవాలి?

మే నెల మధ్యాహ్నం రెండింటికి మీ కోళ్లు తాగే నీళ్లలో ఒకసారి వేలు పెట్టి చూడండి. వేలు చురుక్కుమంటే ఆ డబ్బా నిండుగా ఉన్నా ఖాళీగా ఉన్నట్టే. కోడి వేడినీళ్లు తాగడానికి ఇష్టపడదు; ముక్కు ముంచి, తల విదిలించి, పక్కకు పోతుంది. దానికి చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పుతూ ఒంట్లో వేడిని బయటికి పంపాలి, ఆ రొప్పుతో నీరూ పోతుంది. నల్గొండలో ఎండ 44, 45 డిగ్రీలకు చేరిన రోజున నీళ్లు మానేసిన కోడి సాయంత్రం దాకా నిలవడం కష్టం.

ఈ సంగతి నాకు నష్టపోయాకే తెలిసింది. ఒక మధ్యాహ్నం డాబా మీది నల్ల ట్యాంకు పైపుతోనే ప్లాస్టిక్ డబ్బాలు నింపి, పనైపోయిందని నడుం వాల్చాను. లేచేసరికి రెండు వనరాజా రకం పెరటి పెట్టలు గోడవారన రెక్కలు పరిచి పడి ఉన్నాయి. డబ్బాల్లో నీళ్లు పోసినవి పోసినట్టే ఉన్నాయి.

ముందుగా చోటు చూసుకోండి. వేపచెట్టు కింద పెట్టామని నిశ్చింతగా ఉండకండి, నీడ జరుగుతుంది. ఒక రోజు పదింటికి, ఒంటిగంటకు, నాలుగింటికి వెళ్లి నీడ ఉన్న చోట రాళ్లతో గుర్తు పెట్టండి. మూడుసార్లూ నీడపట్టున ఉన్న జాగాలోనే నీళ్లు ఉండాలి. అలాంటిది దొరక్కపోతే ఇంటి తూర్పు గోడ పక్కన నాలుగు గుంజలు పాతి తాటికమ్మలు కప్పండి. రేకు వద్దు, కింద నీడ ఉన్నా పైనుంచి సెగ దిగుతుంది.

తర్వాత పాత్ర. ప్లాస్టిక్ కంటే మట్టికుండ ఎన్నో రెట్లు నయం. రంగు వేయని, పగులు లేని ఐదు లీటర్ల కొత్త కుండ తెచ్చి రాత్రంతా నీళ్లలో నానబెట్టండి. అంచు నుంచి అంగుళం దూరంలో మేకు మొనతో నెమ్మదిగా తిప్పుతూ చిటికెన వేలు దూరేంత కన్నం చేయండి. సుత్తి జోలికి పోవద్దు, నా మొదటి కుండ అలాగే పోయింది. పూలకుండీ కింద పెట్టే మట్టి పళ్లెం, రెండంగుళాల లోతుది, కుండ పొట్ట కంటే వెడల్పుది కావాలి. కన్నాన్ని వేలితో మూసి కుండ నింపి, పళ్లెం మూతలా బోర్లించి, రెండూ కలిపి ఒక్కసారిగా తిరగేయండి. కన్నం మునిగేదాకా నీళ్లు వచ్చి ఆగుతాయి. కోళ్లు తాగినకొద్దీ గుడగుడమని మళ్లీ వస్తాయి. ఆగకుండా పొంగితే కన్నం పళ్లెం అంచు కంటే ఎత్తులో ఉందని, లేదా కుండ ఎక్కడో చిట్లిందని అర్థం. కోడిపిల్లలుంటే పళ్లెంలో గులకరాళ్లు వేయండి, లేకపోతే మునిగి చస్తాయి.

కుండకు గోనెసంచి చుట్టి రోజుకు మూడు నాలుగుసార్లు తడపండి. గాలి ఎంత పొడిగా ఉంటే తడి గోనె అంత చల్లబరుస్తుంది. వడగాలి మనకు చేసే ఉపకారం ఇదొక్కటే. ఉక్కపోత ఉండే కోస్తాలో ఈ ఉపాయం ఇంత బాగా పనిచేయదు.

నీళ్లు రాత్రే పట్టి కుండల్లో ఉంచి, తెల్లారగానే పోయండి. పగలు పట్టక తప్పకపోతే పైపులో కాగిన నీటిని ముందు బకెట్‌లోకి వదిలేయండి. మామూలు రోజుల్లో పెద్ద కోడికి పావు లీటరు చాలు, ఎండల్లో దానికి రెట్టింపు కావాలి. పది కోళ్లకైనా రెండు చోట్ల పెట్టండి. ఒక్కచోటే ఉంటే పుంజు కాపలా కూర్చుని బక్కవాటిని దగ్గరికి రానివ్వదు. పళ్లేన్ని రోజూ కొబ్బరిపీచుతో తోమాలి.

ఒంట్లో తగ్గిన లవణాలను భర్తీ చేసే ఎలక్ట్రోలైట్ పొడిని ప్యాకెట్ మీది మోతాదులో, పొద్దుటి నీళ్లలోనే కలపండి. వంటింటి ఉప్పును అందాజుగా వేయకండి, ఎక్కువైతే కోడికి విషమే. పదకొండు నుంచి నాలుగు దాకా మేత వేయకపోవడం మంచిది, మేత అరిగేటప్పుడు ఒంట్లో వేడి పెరుగుతుంది.

కోళ్లకు సోకే కొక్కెర తెగులుకు (రాణిఖేత్ జబ్బు) లసోటా టీకా నీళ్లలో ఇచ్చే రోజు మాత్రం పద్ధతి వేరు. మిషన్ భగీరథ నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, అది టీకాను పాడుచేస్తుంది. ఆ రోజు క్లోరిన్ కలపని బోరు నీళ్లు, శుభ్రమైన ప్లాస్టిక్ డబ్బా వాడి, చల్లటి పొద్దుటిపూటే ముగించండి.

ఇంత చేసినా ఏదైనా పెట్ట రెక్కలు వేలాడేసి, కళ్లు మూస్తూ రొప్పుతుంటే వెంటనే నీడలోకి తెచ్చి కాళ్లను చల్లటి నీళ్లలో ఉంచండి. మంచునీళ్లు కుమ్మరించకండి, గొంతులో నీళ్లు పోయకండి, ఊపిరిగొట్టంలోకి పోతాయి. ముక్కును తడిపి ఊరుకుంటే తేరుకున్నాక అదే తాగుతుంది. పొద్దుగూకాక మిగతా కోళ్లలో కలపండి.