మరపు వచ్చిన పెద్దలతో వారి తెలుగులోనే: సేవకు వెళ్ళేవారికి సూచనలు

డిమెన్షియా, అంటే మతిమరపు జబ్బు, ముదిరేకొద్దీ, తరువాత నేర్చుకున్న భాషలు ముందుగా సడలిపోయి చిన్ననాటి ఇంటి భాష ఎక్కువకాలం నిలవడం చాలామందిలో కనిపిస్తుంది. కాబట్టి వారానికి ఒక గంట వెళ్ళి కూర్చునే వాలంటీరుకు వైద్యజ్ఞానం కన్నా ఆ మనిషి పెరిగిన తెలుగు తెలియడం ముఖ్యం.

హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో న్యూరాలజిస్టు సువర్ణ అల్లాడి బృందం పరిశీలించి 2013లో ప్రచురించిన 648 మంది డిమెన్షియా రోగులలో 391 మంది ఒకటికి మించిన భాషలు మాట్లాడేవారే. ఇంట్లో తెలుగు, సర్కారు కచేరీలో ఉర్దూ, పిల్లలతో ఇంగ్లీషు వాడిన మనిషి ఇప్పుడు ఏ మాటకు తల తిప్పుతున్నారో మొదటిరోజే ఇంటివారిని అడగాలి. సొంత ఊరు, చేసిన పని, ఇంట్లో పిలిచే పేరు, తల్లిని అమ్మ అనేవారా అవ్వ అనేవారా, ఇవన్నీ రాసుకోవాలి. పుస్తకాల తెలుగు ఇక్కడ పనికిరాదు. నాయనమ్మను బాపమ్మ అని పిలిచిన ఇంట్లో పెరిగినవారికి ఆ మాటే చెవికెక్కుతుంది.

టీవీ ఆపించి, ఎదురుగా, వారి కళ్ళ ఎత్తులో కూర్చోవాలి. ఒక వాక్యం చెప్పి, మనసులో పది లెక్కపెట్టేంతసేపు ఆగాలి. ఈ ఆగడమే అందరికీ కష్టం. “నేనెవరో గుర్తుపట్టారా?” అని మాత్రం అడగవద్దు, అది పరీక్ష, పైగా వారు ఓడిపోయే పరీక్ష. దానికి బదులు “ఇంట గెలిచి...” అని మొదలుపెడితే “రచ్చ గెలవాలి” అని వారే పూర్తిచేయవచ్చు. ఎక్కాలు కూడా అలాగే పనికివస్తాయి.

సాయంత్రం పూట, సొంత ఇంట్లోనే కూర్చుని, “బర్రె పాలు పిండాలె, ఇంటికి పోత” అని ఒక పెద్దావిడ లేచారనుకుందాం. ఇదే మీ ఇల్లు అని వాదించకుండా, “ఎన్ని సేర్లిస్తది, పెద్దమ్మా?” అని అడిగితే మాట బర్రె మీదికి మళ్ళి, కంగారు కొంత తగ్గవచ్చు.

మందులు మీ చేతితో ఇవ్వవద్దు, ఫొటోలు తీయవద్దు. ఒకటి రెండు రోజుల్లోనే మాట తడబడినా, మత్తుగా పడి ఉన్నా వెంటనే ఇంటివారికి చెప్పి డాక్టరుకు చూపించమనాలి. మరపు ముదిరిందని సరిపెట్టుకుంటే ఇన్ఫెక్షన్ వంటి కారణం మరుగున పడుతుంది. వృద్ధుల సహాయానికి ఎల్డర్‌లైన్ నంబరు 14567 ఉందని కూడా వారికి చెప్పండి.

లేచేటప్పుడు “వెళ్తున్నాను” అనకుండా “పోయొస్త పెద్దమ్మా” అనండి. అన్నం తిని పొమ్మని మూడోసారి అన్నా, మొదటిసారి విన్నట్టే విని, గ్లాసెడు నీళ్ళు తాగి బయలుదేరండి.