బ్రిటిష్ స్కూల్లో సీటు అడిగే ముందు: బెజవాడ, గుంటూరు నుంచి గల్ఫ్ వెళ్లే తల్లిదండ్రులకి

దుబాయిలోనో దోహాలోనో ఉద్యోగం ఖాయం కాగానే అందరూ ముందు ఫీజులే ఆరా తీస్తారు. ఫీజు కంటే ముందు ఇంట్లో కూర్చుని తేల్చుకోవాల్సింది ఒకటుంది. పిల్లలు ఇంటర్‌కి మళ్లీ ఇక్కడికి వస్తారా, డిగ్రీ దాకా బయటే ఉంటారా? ఏ స్కూలు, ఎన్నేళ్లు అన్నది దీన్ని బట్టే ఉంటుంది.

ఇంజినీరింగ్ ప్రవేశాలకి రాసే ఈఏపీసెట్‌లో 85 శాతం సీట్లు లోకల్ అభ్యర్థులవి. లోకల్ అనిపించుకోవాలంటే ఇంటర్ రెండో ఏడాదితో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఇక్కడే చదివి ఉండాలి. అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు. ‘పది అయ్యాక తీసుకొచ్చి ఇంటర్‌లో వేద్దాం’ అనుకునేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. రెండేళ్లే లెక్కకొస్తాయి, లోకల్ హోదా పోతుంది. తల్లిదండ్రుల్లో ఒకరు రాష్ట్రంలో పదేళ్లు నివాసం ఉన్నట్టు చూపిస్తే మిగిలిన 15 శాతంలో పోటీ పడవచ్చు, అంతే. పైగా బ్రిటిష్ స్కూళ్లలో పదో తరగతి స్థాయి పరీక్ష అయిన ఐజీసీఎస్‌ఈ ఫలితాలు ఆగస్టులో వస్తాయి, ఇక్కడ జూనియర్ కాలేజీలు అప్పటికే మొదలై ఉంటాయి. కాబట్టి తిరిగి రావాలనుకుంటే ఎనిమిది పూర్తవగానే రండి. అలా కుదరదంటే గల్ఫ్‌లోనే సీబీఎస్‌ఈ స్కూళ్లు చాలా ఉన్నాయి. లోకల్ సమస్య తీరదు గానీ సిలబస్ గండం తప్పుతుంది.

ఏ లెవెల్స్ (మన ఇంటర్ లాంటి రెండేళ్ల చదువు) దాకా అక్కడే చదివి జేఈఈ రాయాలనుకుంటే ఒక చిక్కుంది. బ్రిటిష్ స్కూళ్లలో ఏ లెవెల్‌కి మామూలుగా మూడు సబ్జెక్టులే తీసుకుంటారు. జేఈఈ మెయిన్ నిబంధనల్లో పన్నెండో తరగతికి సమానమైన పరీక్షలో అయిదు సబ్జెక్టులు ఉండాలని ఉంది. నీట్‌కి ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీతో పాటు ఇంగ్లిష్ కావాలి. ఇయర్ 11లో (ఇంచుమించు మన పదో తరగతి) ఏ లెవెల్ సబ్జెక్టులు ఎంచుకునేటప్పుడే ఈ సంగతి స్కూలుతో మాట్లాడాలి, చివరిదైన ఇయర్ 13లో గుర్తొస్తే చేసేదేమీ ఉండదు.

ఇక తరగతి లెక్క. ఇంగ్లండ్ పద్ధతిలో ఆగస్టు 31 నాటికి నిండిన వయసులోంచి నాలుగు తీసేస్తే ఇయర్ వస్తుంది. 2017 జూలైలో పుట్టిన పాపకి 2026 సెప్టెంబరులో ఇయర్ 5, అదే ఏడాది అక్టోబరులో పుట్టిన బాబుకి ఇయర్ 4. గుంటూరులో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లు అక్కడ విడిపోతారు. అయిదో తరగతి చదువుతున్నవాళ్లు ‘ఇయర్ 5’ అని దరఖాస్తు నింపడం మామూలుగా జరిగే పొరపాటు. వాళ్లకి అది ఇంచుమించు ఇయర్ 6. కటాఫ్ తేదీ దేశాన్ని బట్టి మారవచ్చు, స్కూలునే అడగండి. ఇయర్ 10, 11 కలిపి ఐజీసీఎస్‌ఈకి ఒకే రెండేళ్ల కోర్సు. ఇయర్ 11లో కొత్తగా చేర్చడం మాత్రం వద్దు. అప్పటికే అక్కడ సగం సిలబస్ అయిపోయి ఉంటుంది, మీ పిల్లలు ఆ ఏడాది వేరే స్కూల్లో, వేరే బోర్డులో చదివి ఉంటారు.

గేటు మీద ‘బ్రిటిష్’ అని రాసినంత మాత్రాన నమ్మకండి. బ్రిటన్ విద్యాశాఖ 2010 నుంచి విదేశాల్లోని స్కూళ్లకి బ్రిటిష్ స్కూల్స్ ఓవర్సీస్ అనే తనిఖీ పథకం నడుపుతోంది. అందులో చేరాలా వద్దా అన్నది స్కూలు ఇష్టం, చేరితే నివేదిక అందరికీ దొరుకుతుంది. దుబాయిలో ప్రైవేటు స్కూళ్లని పర్యవేక్షించే ప్రభుత్వ సంస్థ కేహెచ్‌డీఏ ఇచ్చిన రేటింగులు కూడా చూడవచ్చు. నివేదిక తెరిచాక ముందు తేదీ, ప్రిన్సిపాల్ పేరు చూడండి. ఆ ప్రిన్సిపాల్ వెళ్లిపోయి ఉంటే మీరు చదువుతున్నది పాత స్కూలు గురించి. ఆ తర్వాత బోధన, పిల్లల భద్రత భాగాలు పూర్తిగా చదవండి. గత ఏడాది ఎంతమంది టీచర్లు మారారో నేరుగా అడగండి. గల్ఫ్‌లో రెండేళ్ల కాంట్రాక్టులు మామూలే, అందుకని ఏడాది మధ్యలో ఎవరైనా మానేశారా అన్నదే అసలు ప్రశ్న. వీలైతే మీ పిల్లల వయసువాళ్ల రైటింగ్ నోటుబుక్ ఒకటి చూపించమనండి. ఒట్టి టిక్కులే ఉన్నాయా, టీచరు ఏం రాశారు, పిల్లవాడు దాన్ని సరిదిద్దుకున్నాడా? అరగంట క్యాంపస్ టూర్‌లో తెలియనిది ఆ రెండు పేజీల్లో తెలుస్తుంది.

ప్రవేశానికి చాలా స్కూళ్లు క్యాట్4 పెడతాయి. మాటలు, అంకెలు, బొమ్మలు, ఆకారాల మీద ఆలోచన ఎలా ఉందో చూసే పరీక్ష అది. దీనికి కోచింగ్ అక్కర్లేదు. మన పిల్లలు లెక్కల్లో గట్టిగానే ఉంటారు, ఇబ్బంది సొంతంగా రాయడంలో వస్తుంది. వెళ్లడానికి మూడు నెలల ముందు నుంచి రోజూ ఒక ఇంగ్లిష్ కథ చదివించి, ‘వాడు అలా ఎందుకు చేశాడు?’ అని అడిగి అయిదారు వాక్యాలు రాయించండి. ఇంగ్లిష్ అదనపు సాయానికి విడిగా ఫీజు ఉంటుందేమో కనుక్కోండి. బస్సు, యూనిఫాం, ట్యాబ్, ఐజీసీఎస్‌ఈ పరీక్ష ఫీజు కూడా మామూలుగా ట్యూషన్ ఫీజులో ఉండవు. అన్నీ కాగితం మీద రాయించుకుని కూడండి.

కాగితాల్లో ఎక్కువగా బెడిసికొట్టేది ఇంటిపేరు. స్కూలు రికార్డులో ‘కె. సాయి తేజ’, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, కార్పొరేషన్ ఇచ్చిన జనన ధ్రువపత్రంలో ఒట్టి పేరు ఉంటే అడ్మిషన్ ఆగుతుంది. టీసీ తీసుకోకముందే మూడూ పక్కపక్కన పెట్టి చూసి, స్కూల్లో దిద్దించండి. యూఏఈకైతే టీసీ మీద డీఈవో సంతకం, విదేశాంగ శాఖ ముద్ర, ఎంబసీ ముద్ర, ఇదే వరుసలో పడాలి. ఒమన్‌కి అపోస్టిల్ (విదేశాంగ శాఖ వేసే ప్రత్యేక ముద్ర) చాలు, ఎంబసీ ముద్ర అక్కర్లేదు. ఏప్రిల్ చివర బడులు మూస్తే జూన్ దాకా సంతకం చేసేవాళ్లు దొరకడం కష్టం, అందుకని మార్చిలోనే ఆఫీసులో చెప్పి ఉంచండి. అక్కడి స్కూలు నుంచి సీటు ఇస్తున్నట్టు రాతపూర్వకంగా వచ్చేదాకా మాత్రం ఇక్కడి సీటు వదులుకోవద్దు.